పొడి ఉత్తరీయం

ఈ మాట ఇంతవరకు పైకి అనలేదు. రోజూ నేను చేసే ప్రార్థనలో ఒక్క మనిషి కూడా లేరు.

ఆ ప్రార్థనైనా నా సొంతం కాదు. ఆదివారం మధ్యాహ్నాలు రాజమండ్రిలో ఒక లైబ్రరీ మేడ మీద భ్రమరాంబ గారు మతాల గురించి చెప్పే పాఠాల్లోంచి తెచ్చుకున్నది. ఆవిడ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. నేను ఇంటర్ దాటలేదు. కుట్టుమిషన్ ఆపి, దొరికిందల్లా చదువుతాను. వారానికో మతం నుంచి ఒక్క మాట పట్టుకుని పాఠం మొదలుపెట్టడం ఆవిడ అలవాటు. ఒక వారం అమెరికా ఆదివాసులైన లకోటా ప్రజల మాట చెప్పారు. ప్రార్థన ముగిస్తూ వాళ్ళు ‘మితాకుయే ఒయాసిన్’ అంటారట, అందరూ నా చుట్టాలే అని. అందరూ అంటే మనుషులొక్కరే కాదు, గద్దలూ గడ్డీ రాళ్ళూ నీళ్ళూ కూడా.

అది నన్ను పట్టుకుంది. అమ్మ పోయిన పదో రోజున, వంట సామాన్ల మధ్య నిలబడి హైమక్క నన్ను “నువ్వు ఎవరికీ ఏమీ కావే” అంది. అప్పటినుంచి అక్కకీ నాకూ మాటల్లేవు. ఎవరికీ ఏమీ కాని మనిషికి, అందరూ చుట్టాలే అన్న మాట హాయిగానే ఉంటుంది. అద్దెగదిలో పొద్దున్నే కిటికీ ముందు నిలబడి అనుకునేదాన్ని. అన్నాక గది ఇంకాస్త ఖాళీగా కనబడేది.

మొన్న పాఠం అయి అందరూ దిగిపోయాక ఆవిణ్ణి అడిగాను. “మేడమ్, అందరూ నా వాళ్ళే అనుకున్నాక మళ్ళీ ఒక్కొక్కరి ఊసు ఎందుకండీ?”

దానికి ఆవిడ వాళ్ళ మరిది శేషాచలం గారి సంగతి ఎత్తారు.

ఆయనకి తండ్రితో పడేది కాదు. చివరిదాకా పలకరింపుల్లేవు. తండ్రి పోయిన మరుసటేడు మహాలయ పక్షంలో, ఇంట్లోవాళ్ళు పోరగా పోరగా, ఆయన గోదావరి రేవులో తర్పణానికి కూర్చున్నారు. తర్పణంలో ముందు తండ్రికి, ఆ పైన తాతలకి, మిగిలినవాళ్ళకి పేరు పేరునా నీళ్ళు వదలాలి. అన్నీ అయ్యాక, వంశంలో నీళ్ళు వదిలే దిక్కు లేక పోయినవాళ్ళ కోసం, స్నానం చేసిన తడిబట్ట పిండుతారు. శేషాచలం గారు పురోహితుడితో ముందే చెప్పేశారు, తండ్రి పేరు తన నోట రాదని, ఆ చివరిదొక్కటి చేయించమని. దిక్కులేనివాళ్ళని తలుచుకోవడం కంటే పుణ్యం ఏముందని వాదించారు కూడా. పురోహితుడు కానివ్వమన్నాడు. ఆయన భుజం మీది ఉత్తరీయం తీసి పిండారు. స్నానమైనా చేయని మనిషి, కొత్త బట్ట; చుక్క రాలలేదు. మళ్ళీ మెలిపెట్టారు. పక్క మెట్టు మీదివాళ్ళు తమ పని ఆపి చూస్తున్నారు.

“గోదారి కిందే ఉంది కదా బాబూ” అన్నాడట పురోహితుడు.

ఆయన లేచి మెట్లు దిగారు. మునిగి వచ్చి తండ్రి పేరు ఎంత మెల్లగా అన్నారంటే, వినబడలేదని పురోహితుడు మళ్ళీ అనిపించాడు.

నేను ఊరుకోలేదు. పోయినవాళ్ళతో అయితే సరే, వాళ్ళు తిరిగి మాట అనరు, బతికున్నవాళ్ళు అంటారు కదా అన్నాను.

భ్రమరాంబ గారు కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకున్నారు.

“నిజమే, వదిలిన నీళ్ళు తిరిగి మాట అనవమ్మా. మా మరిది ఇప్పటికీ దానికే ఏడుస్తాడు.”

నేను కిందికి వచ్చేశాను. బజారంతా సందడిగా ఉంది. గదికి వెళ్ళేదాకా ఆగితే మనసు మారిపోతుందని నాకు తెలుసు. అందుకని మూసి ఉన్న మందుల షాపు మెట్టు మీద కూర్చుని ఫోను తీశాను. ముందు ‘అక్కా’ అనాలి. ఆ తరవాత తను ఏమన్నా సరే.