గుట్టమీది క్లబ్‌హౌస్

ఈ కథలో అందరూ అలసిపోతారు. ముందే చెప్పేస్తున్నాను. చెప్పే నాకూ ఓపిక అంతంతమాత్రమే.

పట్నం అంచున మనుషులు గోల్ఫ్ ఆడటం కంచె సందులోంచి చూసొచ్చిన దగ్గర్నుంచి అడవిలో జంతువులకి అదే యావ పట్టింది. కర్రతో బంతిని కొట్టుకుంటూ పోయి గుంటలో వేయడం, మళ్లీ ఇంకో గుంటకి బయల్దేరడం! అడవికి దొర అయిన పెద్ద ఏనుగు సరేనంది. నేల చదును చేసి, గుంట నుంచి గుంటకి బాట వేసే పని కర్రెద్దు మెడకి చుట్టుకుంది. దానికా వయసు మీదపడింది, రాతి రోలరు లాగి లాగి మూపు పుండైపోయింది.

"ముందు క్లబ్‌హౌస్ ఎక్కడో తేల్చండి," అంది ఎద్దు. "ఆట మొదలయ్యేదీ ముగిసేదీ దాని గుమ్మం ముందే. సగం ఆటలో ఓసారి వచ్చి నీళ్లు తాగిపోవాలి కూడా. అది ఎక్కడుంటే బాట అటు తిరగాల్సిందే. మైదానంలో పెట్టారంటే నా మూపు బతుకుతుంది."

"మైదానంలో ఏముంది మావా, దుమ్ము తప్ప?" అంది నక్క.

ఆట అయ్యాక క్లబ్‌హౌస్‌లో పెట్టే విందుకి వంట పెత్తనం నక్కది. దాని బొరియ గుట్ట కొన మీద ఉంది. విందులో మిగిలిందంతా చడీచప్పుడు లేకుండా బొరియలోకి లాగేయొచ్చని దాని ఎత్తు.

"గుట్ట మీద కడదాం. దొరవారు అక్కడ కూర్చుంటే అడవంతా కనపడదూ!"

"గుట్టకి ఉన్నది ఒక్క వాలే అల్లుడూ. దిగినా అటే, ఎక్కినా అటే. సగంలో ఒకసారి, ఆఖర్న ఒకసారి ఎక్కలేక చస్తారు."

"అయితే సగంలో రావడం మానేద్దాం. ఆఖర్న ఎక్కితే చాలు."

ఆ సాయంత్రమే నక్క ఏనుగుని గుట్ట మీదికి తీసుకెళ్లింది. ఏనుగు అప్పటికింకా ఆట ఆడి ఎరగదు, కాళ్లలో సత్తువ ఉంది. చల్లగాలి తగిలేసరికి "ఇక్కడే కట్టండి" అనేసింది.

ఎద్దుకి వాదించే ఓపిక లేకపోయింది. రోలరుని గుట్టమీదికి ఈడ్చింది, కిందికి దింపింది, మళ్లీ ఈడ్చింది. మొదటి గుంటకి బాట కిందికి జారింది. తర్వాతవన్నీ మైదానమంతా చుట్టి వచ్చాయి. ఆఖరిది పడమటి ఎండకి ఎదురుగా గుట్టెక్కింది.

ఆట రోజు రానే వచ్చింది. నడుమ నీళ్లు లేవు, కూర్చునే చోటు లేదు. గుట్ట కిందికి చేరేసరికి కుందేలు నాలుక వేలాడేసింది. ఎలుగుబంటి ఆట కర్రనే ఊతకర్ర చేసుకుంది. ఏనుగు కళ్లు చికిలించుకుని బంతిని పైకి కొట్టింది. అది సగం ఎక్కి, తీరిగ్గా దొర్లుకుంటూ దాని కాళ్ల దగ్గరికే వచ్చింది. మళ్లీ కొట్టింది. మళ్లీ వచ్చింది. ఏనుగు కర్ర విసిరికొట్టి కానుగచెట్టు కింద కూలబడింది.

"దొరవారూ! వడ్డన సిద్ధం, పైకి రండి!" అని నక్క కేకేసింది.

"నా వల్ల కాదు. గంగాళాలు నువ్వే కిందికి పట్రా!"

నక్క మోసింది. ఎక్కింది, దిగింది, ఎక్కింది. ఆకలి మీదున్న జంతువులు మెతుకు కూడా మిగల్చలేదు.

"ఈ ఒక్కరోజుకేగా దొరా?" అంది నక్క రొప్పుతూ.

"ఇకనుంచి ఈ నీడే మన క్లబ్‌హౌస్. వంటిల్లు మాత్రం నువ్వు ముచ్చటపడినట్టే పైన ఉంటుంది." ఏనుగు ఎద్దు వైపు తిరిగింది. "బాటంతా మళ్లీ వేయాలా?"

"వద్దు దొరా. గుట్టెక్కే ముక్క వదిలేసి గుంటల వరస మార్చుకుంటే చాలు. సగం ఆటకీ ఇక్కడికే రావచ్చు."

ఆ మాట చెప్పి ఎద్దు అక్కడే కాళ్లు ముడుచుకుని పడుకుంది. సంతోషం ఉందో లేదో గానీ నిద్ర మాత్రం వెంటనే పట్టింది. నక్క ఖాళీ గంగాళాలు నెత్తినెత్తుకుని, రేపటి వంట తలుచుకుని ఏడుస్తూ గుట్టెక్కింది.

నలుగురూ చేరాల్సిన ఇంటికి చోటు చూసేటప్పుడు, అలసిపోయి వచ్చేవాళ్లని అడిగి చూడాలి.