గాజుల తాయారు, చేపల బోణీ

అనగనగా ఒక ఊళ్ళో, రాజూ లేడు రాణీ లేదు గానీ, మార్కెట్ వీధి మలుపులో గాజుల కొట్టు పెట్టుకున్న తాయారు ఉండేది. రెండు చేతులకీ మోచేతి దాకా మట్టిగాజులు వేసుకునేది. దారిన పోయే మనిషిని పలకరించి, మాటల్లో పెట్టి, వద్దు వద్దంటుంటే గాజులు తొడిగేసేది. అంత మాటకారి.

ఆవిడకొక కూతురు, పేరు హారిక. నాలుగో తరగతి, అచ్చం నీ వయసే. కాకపోతే నీలాగా చేపల కొట్లో నేల మీద పడి దొర్లే రకం కాదు. ఏం, మూతి ముడుస్తావేం? పొద్దున నువ్వు చేసిన నిర్వాకం చూసే కదా ఈ కథ ఎత్తుకున్నాను. ఆ కాళ్ళు కాస్త దుప్పటి లోపల పెట్టుకుని విను.

వాళ్ళింట్లో కిటికీ పక్కన చిన్న గాజు తొట్టి ఉండేది. అందులో ఒక్కటే చేప. నారింజ రంగుది. బొద్దుగా ఉందని హారిక దానికి బొండాం అని పేరు పెట్టింది. బొటనవేలంత ఉన్నప్పుడు తెచ్చుకుని రెండేళ్ళు పెంచితే అరచెయ్యంత అయింది. తాయారు మేత వెయ్యడానికి చెయ్యెత్తితే గాజులు గలగలమంటాయి కదా, ఆ చప్పుడికి బొండాం ఎక్కడున్నా తోక ఊపుకుంటూ పైకి వచ్చేసేది. చేపకి చెవులెక్కడివని అడక్కు. వచ్చేది, అంతే.

అలా ఉండగా ఒకరోజు మేత అయిపోయింది. తాయారు కూతుర్ని బడికి పంపించి, తన కొట్టు తెరవడానికి ముందే, పెంచుకునే చేపలమ్మే యేసుబాబు కొట్టుకి వెళ్ళింది. అతనప్పుడే తలుపు తీసి వాకిట్లో నీళ్ళు చల్లుతున్నాడు. మేత డబ్బా తీసుకుని ఆవిడ వెనక్కి తిరిగిందో లేదో, అతను అడ్డం వచ్చాడు.

"అక్కా! బోణీ చెయ్యకుండా వెళ్ళిపోతావా?"

"ఇదిగో మేత కొన్నాను కదయ్యా!"

"మేత బోణీ ఏంటక్కా? చేపల కొట్లో ప్రాణం ఉన్నదాంతోనే బోణీ. మా నాన్న పెట్టిన పద్ధతి. ఒక్క చేపని తీసుకో. పొద్దున్నే ఉత్త చేతులతో వెళ్ళకు."

బోణీ అంటే తెలుసా నీకు? పొద్దున్నే కొట్లో జరిగే మొదటి బేరం. అది బాగుంటే రోజంతా బాగుంటుందని కొట్లవాళ్ళ నమ్మకం. తాయారూ కొట్టు మనిషే. మొదట వచ్చినవాళ్ళు గాజులన్నీ కెలికి ఏమీ కొనకుండా పోతే సాయంత్రం దాకా సణుక్కునేది. అలాంటిది ఇంకొకరి బోణీ ఎలా చెడగొడుతుంది? నెత్తిన ఎర్రటి టోపీ పెట్టుకున్నట్టున్న తెల్ల చేపని కవర్లో పోయించుకుని వచ్చేసింది. "ఒకటేగా" అనుకుంది.

ఆ తర్వాత నాలుగు రోజులకి తొట్లో నీళ్ళు మసకబారాయి. ఎందుకిలా అయ్యాయో అడిగి వద్దామని మళ్ళీ పొద్దున్నే వెళ్ళింది. యేసుబాబు మళ్ళీ అదే పాట. ఈసారి వెండిరంగువి రెండు చూపించి, "జంట అక్కా, విడదీస్తే బెంగపెట్టుకుంటాయి" అన్నాడు. రెండూ వచ్చేశాయి. "రెండేగా" అనుకుంది. నీళ్ళెందుకు మసకబారాయో అడగడం మాత్రం మర్చిపోయింది. చూశావా, వెళ్ళిన పనే మర్చిపోయింది!

అప్పుడు హారిక అంది, "అమ్మా, నువ్వు పొద్దున్నే ఎందుకు వెళ్తావు? సాయంత్రం వెళ్ళు. అప్పటికి ఎవరో ఒకరు బోణీ చేసే ఉంటారు కదా."

"అమ్మ నా తల్లీ! ఇంత తెలివి నీకెక్కడిదే!" అని తాయారు కూతురికి మెటికలు విరిచింది.

ఆ తర్వాత శుక్రవారం నాడు తొట్టి తుడిచే స్పాంజి కావాల్సి వచ్చింది. తాయారు సాయంత్రం వెళ్ళింది. కొట్టు నిండా జనం. బోణీ ఎప్పుడో అయిపోయింది. యేసుబాబుకి తల ఎత్తే తీరిక లేదు. ఆవిడని ఎవరూ అడగలేదు, ఎవరూ ఆపలేదు. స్పాంజి తీసుకుని హాయిగా ఇంటికి రావచ్చు.

వచ్చిందా? వచ్చింది. చేతిలో ఏముంది? కవరు. కవర్లో ఎన్ని? నాలుగు! హవ్వ, నాలుగు తల్లీ! ఒకటీ కాదు, రెండూ కాదు.

హారిక గుమ్మంలోనే నిలబడిపోయింది. "అమ్మా, ఇప్పుడెవరు బోణీ అడిగారు?"

తాయారు చేతిలో కవరు వైపు చూసుకుంది. అవును కదా, ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. బోణీ అంతా పైకి చెప్పుకునే సాకు. మెరిసేది కనిపిస్తే ఆవిడ చెయ్యే ఆగదు. ఆ సంగతి అప్పటిదాకా ఆవిడకే తెలీదు. తెలిసేసరికి సిగ్గుతో చచ్చిపోయింది.

మర్నాడు రెండో శనివారం, బడి లేదు. పొద్దున్నే తాయారు మేత వెయ్యబోయి చెయ్యెత్తింది. గాజులు గలగలమన్నాయి. తెల్లదొచ్చింది, వెండివి రెండూ వచ్చాయి, కొత్తవి నాలుగూ ఎగబడ్డాయి. బొండాం రాలేదు.

"అమ్మా, ఇటు చూడు!" అని హారిక కేక పెట్టింది.

బొండాం ఒక మూలన పక్కకి ఒరిగిపోయి ఉంది. మూతి నీళ్ళ పైకి పెట్టి గుటకలు వేస్తోంది. ఒక్కదానికి సరిపోయే తొట్లో ఎనిమిదైతే ఊపిరెలా ఆడుతుందమ్మా? మేతేమో ముందే మిగతావి మింగేస్తున్నాయి. తాయారు "నా చేతులు పడిపోనూ! రెండేళ్ళు పెంచినదాన్ని నేనే చంపుకుంటున్నానా!" అని తల పట్టుకుంది.

అప్పుడు గబగబా కొత్తవాటిని ఏడింటినీ పట్టి, యేసుబాబుకి వాపసిచ్చేద్దామని మూడు కవర్లలో పోసింది. హారిక బిందెలో నిలవ ఉంచిన నీళ్ళు తెచ్చి కొంచెం కొంచెంగా తొట్లో కలుపుతోంది. కలుపుతూనే తల తిప్పి, "అమ్మా, అవి మళ్ళీ ఈ తొట్లోకి వస్తే బొండాం బతకదు. ఇంకోటి తెచ్చినా బతకదు. నా మీద ఒట్టు, ఉత్త చేతులతో రా" అంది.

తాయారు అదిరిపడింది. "బజారుకెళ్ళే మనిషిని పట్టుకుని ఉత్త చేతులతో రమ్మంటావేంటే! ఎవరైనా వింటే ఏమంటారు?"

"ఉత్త చేతులతోనే" అంది హారిక. ఏడుస్తూనే అంది పాపం.

తాయారు వెళ్ళేసరికి యేసుబాబు అప్పుడే నీళ్ళు చల్లుతున్నాడు. ఆవిడ చేతిలో కవర్లు చూసి మొహం చిట్లించాడు. వాపసు అని వినగానే రెండడుగులు వెనక్కేశాడు.

"వాపసా? బోణీ కాకుండానా? అక్కా, నీకు తెలీనిదా? నీ కొట్లో ఎవరైనా ఇలా వస్తే ఊరుకుంటావా?"

ఊరుకోదు. బోణీ కాకముందు పగిలిన గాజు వాపసు తెచ్చినావిడని వీధి వీధంతా వినేలా తిట్టిపోసింది మరి. అందుకని ఇప్పుడేం అనగలదు? చేతిలో కవర్లు. కవర్లలో గాలి ఎంతసేపుంటుంది? ఎవరూ తీసుకోకపోతే వీటిని మళ్ళీ ఎక్కడ పొయ్యాలి? ఆ తొట్లోనే కదా!

యేసుబాబుకి జాలేసింది. మనిషి మంచివాడే. "ఒక పని చెయ్యక్కా. ఇదిగో, ఈ నల్లదాన్ని తీసుకో. బోణీ అయిపోతుంది. ఆ వెంటనే నీ ఏడూ నేను తీసేసుకుంటా" అన్నాడు.

అయ్యబాబోయ్, ఆ నల్లదుంది చూశావూ! కాటుకంత నలుపు. తోకేమో పట్టు పరికిణీ కుచ్చిళ్ళలా విప్పుకుని తిరుగుతోంది. తాయారు చూపు దాని మీద అతుక్కుపోయింది. ఏడు పోయి ఒకటి. లాభమే కదా? ఒకటేగా?

ఏమిటీ, లాభమే అంటున్నావా! నీ నోట కూడా అదే మాటా! ఒకటేగా, రెండేగా అనుకుంటూనే కదే ఏడయ్యాయి! నువ్వూ ఆ తాయారూ సరిపోయారు.

చెయ్యి ముందుకి వెళ్ళింది. "అదిగో, అది..." అని వేలు చూపించబోయింది. గాజులు గలగలమన్నాయి. ఆ చప్పుడు చెవిన పడగానే, పొద్దున ఇదే చప్పుడికి పైకి రాని బొండాం కళ్ళ ముందు కదిలింది. తాయారు టక్కున చెయ్యి వెనక్కి లాక్కుని కొంగు కింద దాచేసుకుంది.

"వద్దు యేసుబాబూ. నేను కొనను. నీకు బోణీ నేను చేయిస్తాను, ఉండు" అని మెట్ల మీదకొచ్చి గొంతెత్తింది. "రండమ్మా రండి! రంగురంగుల చేపలు! చూస్తే వదలరు, రండి!"

గాజులమ్మే మనిషి చేపలమ్మడమేంటని వీధంతా ముక్కున వేలేసుకుంది. ఆ పిలుపుకి ముందుగా పిల్లల ఆస్పత్రి నర్సమ్మ ఒకావిడ లోపలికొచ్చింది. పేరు ఎస్తేరు. యేసుబాబు మొహం వెలిగిపోయింది. ఆవిడ నల్లదాన్ని చూపించి ఇమ్మంది.

తాయారు ఊరుకుందా? ఊరుకోలేదు. "దేంట్లో పెంచుతావమ్మా?" అని అడిగింది.

"ఖాళీ పచ్చడి సీసా ఉంది. శుభ్రంగా కడిగి పెట్టాను."

"పచ్చడి సీసాలోనా! అయ్యో అయ్యో, నిన్నెవరైనా ఆ సీసాలో కూర్చోబెడితే ఊరుకుంటావా తల్లీ? మా ఇంట్లో తొట్లోనే ఊపిరాడక చస్తుంటేనూ!"

ఎస్తేరు మొహం ఎర్రబడింది. విసురుగా వెళ్ళిపోయింది. యేసుబాబు నెత్తి పట్టుకున్నాడు.

ఆ తర్వాత లావుపాటి పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. చేప పెడితే ఇంటికి కలిసొస్తుందని ఎవరో చెప్పారట. మూలనున్న వెండి చేపపిల్ల కావాలన్నాడు. "పెద్దదైతే నీ మోచెయ్యంత అవుతుంది బాబూ, తొట్టి ఎంతుంది?" అంది తాయారు. ఆయన తన టిఫిన్ క్యారేజీ చూపించి, "ఇంతకి కాస్త పెద్దది" అన్నాడు. తాయారు రెండు చేతులతో బుగ్గలు నొక్కుకుంది. ఇంకేముంది, ఆయనా వెళ్ళిపోయాడు.

"అక్కా, నీకు దణ్ణం పెడతా! నువ్వు పిలవకు, నన్ను బతకనివ్వు!" అని యేసుబాబు నిజంగానే దణ్ణం పెట్టేశాడు.

తాయారుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కవర్లు ఎత్తి చూసుకుంది. ఏడూ పైపైకి వచ్చి మూతులు ఆడిస్తున్నాయి. అచ్చం బొండాం లాగానే. వీటినిలా నిలబెట్టింది కూడా తనే కదా అనుకుంది.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. చూస్తే ఎవరు? ఇందాక కోపంగా వెళ్ళిన ఎస్తేరే! ఆయాసపడుతూ వచ్చింది.

"ఏమమ్మా, పచ్చడి సీసా వద్దన్నావుగా. మరి మా ఆస్పత్రి వరండాలో సిమెంటు తొట్టి ఉంది, పందిరిమంచమంత. మొక్కలు వేసి, నీళ్ళు నింపి రెండు నెలలైంది. చేపలు పోయించే దిక్కు లేదు. పిల్లలు వచ్చి ఉత్త నీళ్ళు చూసి పోతున్నారు. దారిలో అది గుర్తొచ్చింది. అదైనా పనికొస్తుందా, దానికీ తిడతావా?"

తాయారు గబగబా కళ్ళు తుడుచుకుంది.

"ఆ కవర్లలోవి ఇస్తావా?" అంది ఎస్తేరు.

తాయారు యేసుబాబు వైపు చూసింది. యేసుబాబు ఆవిడ చేతిలోంచి కవర్లు అందుకుని, అలాగే ఎస్తేరు చేతికిచ్చేశాడు. ఆవిడిచ్చిన డబ్బు కళ్ళకద్దుకుని, "ఇది వాపసు కాదక్కా, బోణీ!" అన్నాడు. ఏడు ప్రాణాల బోణీ! వాళ్ళ నాన్న నాటి నుంచీ అంత పెద్ద బోణీ ఎన్నడూ జరగలేదట. ఎస్తేరు పోతూ పోతూ ఆ నల్లదాన్ని కూడా పట్టుకుపోయింది.

నిజం చెప్పాలి కదా, అది వెళ్ళిపోతుంటే తాయారు మలుపు తిరిగేదాకా దాన్నే చూస్తూ నిలబడింది. అయినా చెయ్యి కొంగు కిందే ఉంచుకుంది.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో హారిక. "చేతులు చూపించు" అంది. తాయారు చూపించింది. "సంచి దులుపు" అంది. దులిపింది. "వెనక్కి తిరుగు" అంది. తిరిగింది. ఆ పిల్ల నోరు లడ్డూ పట్టేంత తెరుచుకుంది!

"అమ్మా, నిజంగానే ఏమీ తేలేదా?"

"ఏమీ తేలేదే. ఇదిగో, గాజులు తప్ప ఇంకేం లేవు."

ఆ తర్వాత ఇద్దరూ తొట్టి దగ్గరికెళ్ళారు. బొండాం ఒరిగిపోయి లేదు గానీ, అడుగున మూల నక్కి కదలకుండా ఉంది. తాయారు చెయ్యెత్తి గాజులు ఆడించింది. కదల్లేదు. ఇంకోసారి ఆడించింది. రెక్క మాత్రం అల్లాడింది. హారిక తల్లి కొంగు పట్టుకుంది. తాయారు మూడోసారి రెండు చేతులూ ఎత్తి గలగలా ఆడించింది.

తోక ఊగింది. బొండాం మెల్లిగా పైకొచ్చి, తాయారు వేలి దగ్గర మూతి పెట్టింది. ఆ వేలికి మేత కూడా లేదు, ఉత్త వేలే. దానికే వచ్చింది.

పడుకో ఇంక. రేపు కొట్లో చెయ్యి చాచావో, నా గాజులు చప్పుడు చేస్తాను, జాగ్రత్త!

కవరు ఆస్పత్రికి, బోణీ యేసుబాబుకి,
బొండాం గలగలకి, కథేమో కంచికి,
ఉత్త చేతులు మన ఇంటికి, నువ్వేమో నిద్రకి.