అందరూ చూసేదాకా ఆగిన వైద్యం

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక పశువైద్య కళాశాల ఉండేది. అక్కడ వైద్యులూ పశువులే, రోగులూ పశువులే. మరి పేరులో మళ్లీ పశువు ఎందుకని అడక్కండి పిల్లలూ. గొప్ప చదువుల దగ్గర అలాంటి ప్రశ్నలు వేయకూడదు.

ఆ కళాశాలకు పెద్ద ఆచార్యుడు జడలేశం అనే ఎలుగుబంటి. ఆయనకు రోగమంటే వల్లమాలిన ప్రేమ. రోగి సంగతే ఎప్పుడూ గుర్తుండేది కాదు. కుంటుతూ లేడి వస్తే "మంచి కేసు" అని మురిసిపోయేవాడు. దాని కాలు నయమైతే ఆయనకు తేనె కూడా సయించేది కాదు. అందుకే గుమ్మం మీద ఒక నియమం చెక్కించి పెట్టాడు: "విద్యార్థులందరూ చూసేదాకా ఏ కేసుకూ చికిత్స చేయరాదు." చూడకముందే రోగం పోతే చదువేం కావాలని ఆయన వాదన. వినడానికి బాగానే ఉండేది.

ఒకరోజు పొద్దున్నే నీలవేణి అనే గేదె రొప్పుకుంటూ వచ్చింది. వానకు మొలిచిన లేతగడ్డి ఆబగా మేసిందట. ఎడమ డొక్క ఉబ్బి వీపు కంటే ఎత్తుకు లేచింది.

"అయ్యా, ఊపిరాడటం లేదు. ఏదన్నా మందు పొయ్యండి," అంది.

జడలేశం ఆ డొక్క మీద వేళ్లతో కొట్టి చూశాడు. డమడమ మోగింది. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జాలితో అనుకునేరు, సంతోషంతో.

"ఇంత చక్కటి ఉబ్బు నా సర్వీసులో చూడలేదు. కదలకమ్మా, అలాగే నిలబడు," అన్నాడు.

ముందు మొదటి ఏడాది కుందేళ్లు వచ్చాయి. ఒక్కొక్కటీ ఎగిరి డొక్క మీద కొట్టి, చెవి పెట్టి విని, తలాడించి వెళ్లాయి.

"అయ్యా, మందు," అంది నీలవేణి.

"పరిశోధన వాళ్లు రావాలి కదమ్మా," అన్నాడు జడలేశం.

పరిశోధన చేసే కొంగలు వచ్చాయి. పొట్ట చుట్టూ తాడు వేసి కొలిచాయి. ఇంకా ఉబ్బుతుందేమోనని కాసేపాగి మళ్లీ కొలిచాయి. ఉబ్బింది. కొంగలు ఒకదాన్నొకటి మెచ్చుకున్నాయి.

"అయ్యా..." అంటూనే నీలవేణి కూలబడింది.

"మధ్యాహ్నం తనిఖీ సంఘం వస్తోంది. నిన్ను చూపిస్తే మన కళాశాలకు గుర్తింపు ఖాయం. చదువు కోసం ఆ మాత్రం ఓర్చుకోలేవా?" అన్నాడు జడలేశం.

రెండో ఏడాది చదువుతున్న రత్తాలు అనే ముంగిసకు మనసు ఆగలేదు. "సార్, వాళ్లొచ్చేసరికి ఈవిడ ప్రాణం పోతుంది," అంది.

"చికిత్స ఆఖరి ఏడాది పాఠం. కూర్చో," అన్నాడాయన.

రత్తాలు కూర్చోలేదు. మందుల గదిలోంచి నువ్వులనూనె తెచ్చి, ఇంగువ కలిపి, వెదురు గొట్టంతో గేదెకు తాగించింది. డొక్క గట్టిగా రుద్దింది. కాసేపటికి నీలవేణి ఒక పెద్ద త్రేన్పు త్రేన్చింది. ఆ గాలికి కొంగల ఈకలు చెదిరాయి. ఉబ్బు దిగింది. గేదె లేచి నిలబడింది.

జడలేశానికి ఏడుపొక్కటే తక్కువ. "బంగారంలాంటి కేసును పాడుచేశావు కదే. నా కళాశాలలో నీకు చోటు లేదు, పో," అన్నాడు.

రత్తాలు నీలవేణి వెంట వాగు ఒడ్డుకు వెళ్లిపోయింది. మిగతా విద్యార్థులంతా చూస్తూ ఉండిపోయారు. చికిత్స చేస్తే ఏమవుతుందో వాళ్లు ఆరోజు చక్కగా నేర్చుకున్నారు.

మధ్యాహ్నం తనిఖీ సంఘం నక్కలు వచ్చాయి. కేసు లేకపోయినా, గుమ్మం మీది అక్షరాల అందం చూసి గుర్తింపు ఇచ్చేశాయి. ఆ సంబరంలో ఇప్పపూల విందు జరిగింది. జడలేశం గంపలకు గంపలు లాగించాడు. పొద్దు వాలకముందే ఆయన పొట్ట బిగుసుకుపోయింది. వెల్లకిలా పడ్డాడు.

"నూనె తెండర్రా, చచ్చిపోతున్నాను," అన్నాడు.

కుందేళ్లు ఎగిరి గంతేశాయి. "ఇంత చక్కటి ఉబ్బు మేమూ చూడలేదు సార్. కదలకండి," అంటూ వరసగా పొట్ట మీద కొట్టాయి. కొంగలు తాడు తెచ్చాయి.

"ఆఖరి ఏడాది వాళ్లను పిలవండి," అని మూలిగాడు జడలేశం.

ఆఖరి ఏడాది కోతులు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాయి. "ఏ కేసునూ అందరూ చూడటం ఇంతవరకూ పూర్తి కాలేదు సార్. అందుకని చికిత్స పాఠం మాకింకా మొదలవలేదు. రత్తాలుకైతే వచ్చు. మీరే కదా పంపించేశారు," అన్నాయి.

"పిలవండర్రా," అన్నాడాయన. ఆ మాట కూడా సగమే బయటికి వచ్చింది.

కోతి ఒకటి వాగు దగ్గరికి పరుగెత్తింది. రత్తాలు నీలవేణి వీపు మీద ఎక్కి వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, తలెత్తి పైన చెక్కిన అక్షరాలు చదివింది.

"అందరూ చూశారా సార్?" అని అడిగింది.

జడలేశం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈసారి సంతోషంతో కాదు. "చూడకపోయినా ఫరవాలేదమ్మా. ముందు నూనె పొయ్యి," అన్నాడు.

రత్తాలు గొట్టం అందుకుంది. ఆచార్యులవారు త్రేన్చేలోగా నీలవేణి కొమ్ములతో గుమ్మం మీది నియమాన్ని గీకి పారేసింది.

నీతి: ఎదుటివాళ్ల బాధను వింతగా చూడటమే నేర్పినవాడికి, తన బాధలోనూ చుట్టూ మిగిలేది చూసేవాళ్లే.