నొగ మీద శెట్టిగారి పేరు

కోట గోడ ఎన్నేళ్లు కట్టినా పూర్తికాని ఒక రాజ్యంలో గంగులనే కుండలవాడు ఉండేవాడు. అతని మొదటి బండి బాగా ముసలిదైపోయింది. ఎద్దులు లాగేదానికంటే గంగులు తోసేదే ఎక్కువ.

కొత్త బండి కోసం నాగిశెట్టి దగ్గరికి వెళ్లాడు. బండ్లు అమ్మేదీ ఆయనే, కొనుక్కోమని అప్పిచ్చేదీ ఆయనే. అంతటి దయామయుడు. పాత బండిని వంటచెరకు ధరకు తీసుకుని, "అప్పు తీరేదాకా కొత్త బండి నాదే, గుర్తుపెట్టుకో," అన్నాడు.

"నేను గుర్తుపెట్టుకుంటే చాలదండీ, ఊరికీ తెలియాలి. బండి ముందుకు పొడుచుకొచ్చే ఈ నొగ మీద తమ పేరే కాల్చి వేయించండి," అన్నాడు గంగులు. శెట్టి పొంగిపోయి పెద్ద అక్షరాలతో వేయించాడు.

మరుసటి వారమే కోటకు రాళ్లు తోలే వెట్టి మొదలైంది. ఏటా ఉండేదే. నొగ మీద ఎవరి పేరుంటే వాళ్లే స్వయంగా తోలాలి. పల్లకీలో తిరిగే శెట్టికి బండివాళ్ల బాధలు ఎందుకు గుర్తుంటాయి? భటులు పేరు చదివి ఆయన్ను పల్లకీలోంచి దించి, పల్లకీని వెనక్కి పంపేశారు.

మధ్యాహ్నానికి శెట్టి నడుము పట్టేసింది. బండి పక్కనే నడుస్తున్న గంగులును పిలిచాడు. "ఒరే గంగులూ, బండి నీదేనని చెప్పరా."

"అప్పు తీరకుండా నాదెలా అవుతుందండీ? రాజభటులతో అబద్ధమాడమంటారా?"

శెట్టి అక్కడికక్కడే అప్పు తీరిపోయిందని రాసిచ్చాడు. గంగులు ఆ కాగితం భటులకు చూపి పగ్గాలు అందుకుని, కుంటుతున్న శెట్టిని జాలిగా చూశాడు.

"పాపం, ఇంటిదాకా నడవలేరు. తమ పాత బండి తెప్పించమంటారా? కాకపోతే కాస్త తోసుకోవాలి."