పొగ రాని సున్నం బట్టీ

అనగనగా, పిల్లలూ, సున్నపురాళ్ల గుట్ట ఉన్న ఒక అడవిలో ఎలుగక్క సున్నం బట్టీ పెట్టింది. పేరుకు అడవే గానీ, ఆ జంతువులకు ఎన్ని సోకులో! ప్రతి గుహకూ ఏటా సున్నం కొట్టాల్సిందే. పక్కవాళ్ల గుహ కంటే తెల్లగా ఉండాల్సిందే. పాపం, బట్టీ ఆరేదే కాదు.

బట్టీ పక్కనే ఒక లోతైన గుంట ఉంది. అక్కడ వెచ్చగా ఉంటుందని ఎలుగక్క కొడుకు బొద్దోడు చలికాలమంతా అందులోనే పడుకునేవాడు.

ఒకరోజు నక్క దగ్గుతూ వచ్చింది. "ఎలుగక్కా, నీ పొగకి కళ్లు మండిపోతున్నాయే!"

ఎలుగక్క మంచిదే. పచ్చికట్టెలు మానేసి ఎండుకట్టెలు వేసింది. నల్ల పొగ పోయింది. అందరూ మెచ్చుకున్నారు.

తర్వాత ఉడుము వచ్చింది. "అక్కా, పురుగుల కోసం నీ గుంటలో దిగాను. పురుగులన్నీ చచ్చి పడున్నాయి. నాకూ తల తిరిగింది. కాలిన రాయి కూడా ఊపిరి వదులుతుందే. అది కంటికి కనబడదు. గాలి వీస్తే పైకి పోయి లోకాన్ని ఉడికిస్తుంది. గాలి లేకపోతే పల్లంలో పేరుకుంటుంది. రాళ్లు తగ్గించి కాల్చు."

"పొగే లేదు, ఇంకా ఏడుపెందుకే నీకు?" అని ఎలుగక్క కసిరింది.

ఆకు కదలని ఒక సాయంత్రం ఉడుము మళ్లీ వచ్చింది. "అక్కా, ఈ ఒక్క పూటైనా బట్టీ ఆపు. గుంటలో నీ బిడ్డ ఉన్నాడు!"

"ఏనుగుగారి గుహకి రేపటికల్లా సున్నం కావాలి. నా బిడ్డ సంగతి నాకు తెలీదా?" అంది ఎలుగక్క. ఇంకో గంపెడు రాళ్లు పోసింది.

తెల్లారింది. "బొద్దోడా, లేరా నాయనా, తేనె తెచ్చాను" అని పిలిచింది. వాడు లేవలేదు. గుంటలోకి దూకింది. తల తిరిగి అక్కడే కూలబడింది. ఉడుము పట్టు తెలుసుగా? పరుగెత్తుకొచ్చిన ఉడుము ఆమె కాలు కరిచి పట్టుకుని, ఎలాగో బయటికి లాగింది. బొద్దోడు మాత్రం లోపలే ఉండిపోయాడు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు.

ఎలుగక్క గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆ బట్టీని తన చేతులతోనే కూలదోసింది.

మధ్యాహ్నం ఏనుగుగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. "సున్నం ఇంకా రాలేదేం?"

నీతి: పొగ కనబడనంత మాత్రాన గాలి బాగుందనుకోకూడదు. కాల్చేవాళ్లు కాల్చడం తగ్గించాలి, అడిగేవాళ్లు అడగడం తగ్గించాలి.