దొడ్డివాకిలి లేని బొరియలు

అన్యాయం జరిగింది ముంగిసకు. ఎండాకాలం మొదలైన పదకొండో రోజు, పొద్దు వాలుతున్న వేళ జరిగింది. ఆమెకు నలుగురు పిల్లలు ఉండాలి, ఇద్దరే ఉన్నారు. ఈ మాట ముందే చెబుతున్నాను. ఎందుకంటే ఇంకాసేపట్లో నక్క మాట్లాడతాడు, అతని మాటలు తియ్యగా ఉంటాయి, మీరు ఆ ఇద్దరు పిల్లల్ని మరిచిపోతారు. ఆ తీపికి అక్కడున్న వాళ్లూ మోసపోయారు.

అది ఆఫ్రికాలో, ఏడాదికి ఏడు నెలలు చినుకు రాలని గడ్డి మైదానం. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పరిగెత్తేలోగా ప్రాణం పోయేంత దూరం. చిన్న జీవాలకు ఇల్లంటూ ఉంటే నేల లోపలే. ఆ నేల ఎండితే రాయి. దాన్ని తవ్వగలిగింది ఒక్కతే, నేలపంది. గాడిద చెవులు, పంది మూతి, పారల్లాంటి గోళ్లు, చెదలు తప్ప ఇంకేదీ ముట్టని నోరు. అందరూ ఆమెను తవ్వులత్త అంటారు.

తవ్వులత్త బొరియలు తవ్వేది, తక్కిన వాళ్లు అందులో కాపురం ఉండేవాళ్లు. తిరుగుళ్లలో కొత్త చెదపుట్ట కనబడితే ఆమెకు వచ్చి జాడ చెప్పాలి. అద్దె అంతే. ఒక్కో బొరియకు నాలుగు రోజుల పని. రెండు రోజులు ముందు వాకిలికీ, గదికీ. ఇంకో రెండు రోజులు దొడ్డివాకిలికి. అది గది వెనక నుంచి వంకర తిరిగి, ఏదో ఒక ముళ్లపొదలో తేలుతుంది. అలా తవ్వడం తల్లి నేర్పింది. ఎందుకలా అని ఆమె అడగలేదు, తల్లి చెప్పనూ లేదు.

ఆ ఏడు వానలు ఇంకా పడుతుండగానే నక్క వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"అత్తా, నీకున్న బొరియలెన్ని?"

"పది."

"ఎన్నాళ్ల నుంచి పది?"

"మా అమ్మ కాలం నుంచీ."

"ఇంత చేతిపని పెట్టుకుని పది దగ్గరే ఆగిపోయావు. నాకే బాధగా ఉంది." నక్క నిజంగానే బాధపడ్డట్టు చెవులు వాల్చాడు. "ఏటి అవతల దుమ్ములగొండి దొరసాని ఉంది కదా, నీ పనిలో పెట్టుబడి పెడతానంటోంది. అవతలి ఒడ్డున ఉన్న చెదపుట్టలన్నీ నీకే. తవ్వినన్నాళ్లూ తిండికి వెతుక్కోనక్కర్లేదు. కాపలా కూడా వాళ్లదే. ఎండలు ముదిరేలోగా ఇవతలి ఒడ్డున నలభై బొరియలు తవ్వాలి, అంతే."

"నలభయ్యా? ఒక్కోదానికి నాలుగు రోజులు పడుతుంది అల్లుడూ."

"ఎందుకు పడుతుంది?"

"దొడ్డివాకిలికే రెండు రోజులు పోతాయి మరి."

"అదే అడుగుదామనుకుంటున్నాను." నక్క గొంతు తగ్గించాడు. "దొడ్డిదారిన వచ్చేవాణ్ణి ఏమంటారు అత్తా?"

"దొంగ అంటారు."

"దొడ్డిదారిన పనులు చేయించుకునేవాణ్ణి?"

"వాడూ దొంగే."

"మరి ఇంత పేరున్న దానివి, ఇంటింటికీ దొడ్డిదారి పెట్టి అద్దెకిస్తున్నావేం? పెద్ద పెద్ద వాళ్లు చూస్తే ఏమనుకుంటారు? మీ అమ్మకు కాపలా లేదు, పాపం భయపడుతూ బతికింది. నీకేం ఖర్మ?"

తవ్వులత్త తెలివితక్కువది కాదు. తెలివితక్కువ వాళ్ల కోసం నక్కలు ఇంత దూరం నడిచి రావు. ఎన్నో ఏళ్లుగా ఆమె పనిని వాడుకున్నవాళ్లే తప్ప మెచ్చుకున్నవాళ్లు లేరు. మొదటిసారి ఒకడు మెచ్చుకున్నాడు. ఆమె గోళ్లు దురద పెట్టాయి.

ఎనభై రోజుల్లో నలభై బొరియలు తయారయ్యాయి, అన్నీ ఒంటి వాకిలివి. చిన్న జీవాలను పిలుచుకొచ్చింది కూడా తవ్వులత్తే. "కొత్త ఇళ్లమ్మా, కాపలా ఉంది, ఏరు దగ్గర" అని ఇంటింటికీ తిరిగి చెప్పింది. ముంగిస నలుగురు పిల్లలతో వచ్చింది. కోరపంది వచ్చాడు. అతను బొరియలోకి ఎప్పుడూ వెనక్కి నడుచుకుంటూ పోతాడు, కోరలు వాకిలి వైపు ఉంచుకుని. వచ్చేవాడి మొహం చూడాలి కదా అంటాడు.

ముంగిస కొత్త ఇంట్లో గోడలన్నీ తడిమి చూసి బయటికొచ్చింది.

"అత్తా, దొడ్డివాకిలి ఏదీ? కనబడలేదు."

"మర్యాదస్తుల ఇంటికి దొడ్డిదారి ఎందుకే?"

అన్నది తవ్వులత్త నోరే. మాట నక్కది.

దుమ్ములగొండి మంద వచ్చి ఏటి రేవు దగ్గర కాపలా నిలబడింది. సింహాలు ఇటు రాకుండా అని చెప్పారు. లోపలున్న వాళ్లు అటు పోకుండా అని తర్వాత తెలిసింది.

పదకొండో రోజు సాయంత్రం ముంగిస తవ్వులత్త దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. ఒంటి నిండా మట్టి ఉంది. ఇద్దరు పిల్లలు ఆమె పొట్ట కిందికి దూరి ఉన్నారు.

"వెలుతురు పోయింది అత్తా," అంది. "ఇంకా పొద్దుందే అనుకున్నాను. చూస్తే వాకిలి నిండా మొహం ఉంది. పిల్లల్ని వెనక్కి నెట్టాను. వెనక గోడ ఉంది. ఇంకా వెనక్కి నెట్టాను. గోడ జరగదు కదా."



"ముందున్న ఇద్దర్నీ లాగింది. లాగుతూ నవ్వింది. ఎవరో నాకు తెలుసు. రోజూ రేవులో నీళ్లు తాగేటప్పుడు నా పిల్లల్ని లెక్కపెట్టే కాపలావాళ్లలో ఒకతే."

తవ్వులత్త నేరుగా నక్క దగ్గరికి పోయింది. నక్క కాళ్లు చాపుకుని పడుకుని ఉన్నాడు, లేవలేదు.

"కాపలా వాళ్లకు మాత్రం ఆకలెయ్యదా అత్తా? దాన్ని నిర్వహణ ఖర్చంటారు. పెద్ద వ్యాపారాలన్నిటికీ ఉంటుంది."

"నేను మానేస్తాను. ఇక తవ్వను."

"మానెయ్." నక్క ఆవలించాడు. "నీ సొంత బొరియకు మాత్రం దొడ్డివాకిలి ఉంది కదూ, ఎర్రపుట్ట పక్క పొదలో? నేనింకా ఆ సంగతి దొరసానికి చెప్పలేదు."

వెనక ఎక్కడో దొరసాని నవ్వింది. దుమ్ములగొండి నవ్వు వినబడితే ఆ మైదానంలో పిల్లలు పాలు తాగడం ఆపేస్తారు. తవ్వులత్త చీకటి పడకముందే ఇంటికి చేరింది. ముందు వాకిలి వైపు మొహం పెట్టి పడుకుంటే వెనక భయం, వెనక్కి తిరిగితే ముందు భయం. తల్లి చెప్పకుండా వదిలేసింది ఏమిటో ఆమెకు అప్పుడు అర్థమైంది: దొడ్డివాకిలి ఉన్నది తప్పించుకోవడానికి, అదీ ఎవరికీ తెలియకుంటేనే.

తెల్లవారగానే కోరపందినీ, ముంగిసనూ పిలిచింది.

"నేను మీకు ఇళ్లు తవ్వాననుకున్నాను," అంది. "తవ్వింది వాళ్లకు గాదె. నలభై గదులు, దేంట్లో చెయ్యి పెట్టినా తిండి."

"తెలిసింది కదా, ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు కోరపంది. అతనికి ఓదార్చడం రాదు.

"దొడ్డివాకిళ్లు తవ్వుతాను. లోపలి నుంచి, పగటి పూట, వాళ్లు నిద్రపోయేటప్పుడు. బయటికి తేల్చను. ఆఖర్న జానెడు మట్టి వదిలేస్తాను. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. ప్రాణం మీదికొస్తే తలతో కొడితే రాలిపోతుంది."

"తవ్విన మట్టి?"

"నేను మోస్తాను," అంది ముంగిస. "నోటితో మోస్తాను. నీ మీద జాలితో కాదు అత్తా. ఉన్న ఇద్దరి కోసం."

ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. నేల మీద అడుగుల చప్పుడైతే లోపల గోళ్లు ఆగిపోయేవి. అడుగులు పోయాక కూడా చాలాసేపు ఎవరూ ఊపిరి వదిలేవాళ్లు కాదు. నలభైలో తొమ్మిది బొరియలకు దొడ్డివాకిళ్లు పడ్డాయి. బతికున్న వాళ్లంతా ఆ తొమ్మిదింట్లో ఇరుక్కున్నారు. దుమ్ములగొండ్లు సాయంత్రాలు తల దూర్చిన చోటల్లా ఖాళీ గది, ఒకవేళ జీవాలున్న ఇల్లయితే వెనక మట్టి రాలిన చప్పుడు, గోడ కూలిందనుకునేవాళ్లు.

దొరసాని తవ్వులత్తను పిలిపించింది.

"బొరియలు ఖాళీగా ఉంటున్నాయేం?"

తవ్వులత్త మోకాళ్లు వణుకుతూనే ఉన్నాయి. ఆ వణుకు ఆమెకు పనికొచ్చింది, దాన్ని వినయం అనుకున్నారు.

"ఎండలు దొరసానీ. ఎవరికి వాళ్లు చల్లటి చోటు వెతుక్కుంటున్నారు. మీరేమో ఇంత పెట్టుబడి పెట్టి ఎండలో మాడుతున్నారు. నాకే సిగ్గుగా ఉంది. మీకొక పెద్దది తవ్వనా?"

"నీడలో తవ్వు. నీళ్ల పక్కన."

"నీళ్ల పక్కన నీడ ఒకే ఒక్క చోట ఉంది, ఆ పెద్ద తుమ్మ కింద."

"అక్కడే."

దొరసాని పక్కనే పడుకున్న నక్క చప్పున లేచి కూర్చున్నాడు. "అత్తా, దానికి వెనక కూడా ఒక చిన్న..."

"దొడ్డివాకిలా?" తవ్వులత్త గట్టిగానే అడిగింది, దొరసానికి వినబడేలా. "అల్లుడూ, దొడ్డిదారి దొంగలకని నువ్వే కదా చెప్పావు. దొరసాని ఇంట్లో నీకెందుకు దొడ్డిదారి? లోపలి నుంచి ఏం తరలించాలని?"

దొరసాని తల తిప్పి నక్క వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"అబ్బే, ఊరికే అన్నాను," అన్నాడు నక్క. "ఒకటి చాలు."

రెండు రోజుల్లో గది సిద్ధమైంది. లోతుగా, చల్లగా, ఇద్దరికి సరిపోయేలా. మధ్యాహ్నం దొరసాని లోపలికి దిగింది, నక్కను ముందు నడిపించి. మనసులో ఏముందో తెలియనివాణ్ణి వెనక ఉంచుకోకూడదని ఆమెకు అతను దొడ్డివాకిలి మాట ఎత్తిన రోజే అనిపించింది.

తుమ్మచెట్టు కింద నీడ ఎవరిదో ఆ మైదానంలో ఏటికి ఇవతల పుట్టిన పిల్లలందరికీ తెలుసు. ఎండలు ముదిరి చిన్న మడుగులన్నీ ఎండాక సింహాల గుంపు అక్కడికే వస్తుంది. ఏటి అవతలి నుంచి వచ్చిన వాళ్లు ఒక్క మాట అడిగి ఉంటే ఎవరైనా చెప్పేవాళ్లు. పెట్టుబడి పెట్టేవాళ్లకు అడిగే అలవాటు ఉండదు.

దొరసాని దిగిన కాసేపటికే సింహాలు వచ్చాయి. రేవులో నిలబడ్డ కాపలా మంద ఒక్క గర్జనకే చెదిరి ఏటి అవతలికి పోయింది. ముసలి ఆడసింహం ఒకటి చెట్టు కింద వాసన చూసి, బొరియ వాకిలికి అడ్డంగా ఒళ్లు వాల్చింది. లోపల వెలుతురు పోయింది.

కాసేపటికి నేల లోపల నుంచి గొంతు వినబడింది.

"అత్తా. తవ్వులత్తా. వెనక నుంచి దారి తవ్వు."

తవ్వులత్త పొద వెనక నుంచి నేలకు మూతి ఆనించింది. "రెండు రోజుల పని అల్లుడూ. ఆ రెండు రోజులూ దండగని నువ్వే కదా లెక్క తేల్చావు."

"తవ్వు అత్తా. నలభై బొరియలూ నీకే రాసిస్తాం."

"అవి నేనే తవ్వాను."

పక్కన ముంగిస నిలబడి ఉంది. ఇద్దరు పిల్లల్నీ అంటిపెట్టుకుని వింటోంది. రెండో రోజు దొరసాని గొంతు వినబడింది. నవ్వు కాదు, ఆకలి మూలుగు. దాని వెంట నక్క ఏదో గబగబా చెప్పడం వినబడింది, తియ్యగా, ఒకదాని వెంట ఒకటి. మధ్యలో ఒక మాట దగ్గర ఆగిపోయింది. మళ్లీ వినబడలేదు.

మూడో రోజు దాహం తట్టుకోలేక దొరసాని తల బయట పెట్టింది. ఆడసింహం నిద్రపోలేదు.

సింహాలు వెళ్లాక తవ్వులత్త ఒంటి వాకిలి బొరియలన్నీ పూడ్చేసింది, తుమ్మ కింద దానితో సహా. తన చేతిపనే, తనే పూడ్చుకుంది. ముంగిస ఆమెతో చాలాకాలం మాట్లాడలేదు. కొత్త ఇంట్లోకి వచ్చేవాళ్లు మాత్రం ఇప్పటికీ ముందు వాకిట్లో నిలబడరు. చుట్టూ తిరిగి పొదలోకి పోయి, దొడ్డివాకిలిలో తల దూర్చి చూసి, ఆ తర్వాతే అద్దె మాట ఎత్తుతారు.

నీతి: తొందరగా పెరుగుతావని చెప్పి నీ వ్యాపారంలో పనికిరానిదేదో చూపించేవాడు, ముందు మూసేది నువ్వు తప్పించుకునే దారినే.

కోరపంది కోరతో ఎర్రపుట్ట మీద గీసిన లెక్క ఇది: ఎండాకాలం ముప్పై ఏడో రోజు, పాత బొరియలు పది, కొత్తవి తొమ్మిది, కలిపి పంతొమ్మిది, వాకిళ్లు ముప్పై ఎనిమిది.