చూసినవాళ్ళ సంఘం

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు పక్కన ఒక బండ. ఆ బండ మీద వారం వారం ఒక సంఘం కూర్చునేది. దాని పేరు చూసినవాళ్ళ సంఘం. చెట్టూ పుట్టా, పురుగూ పిట్టా ఎలా బతుకుతున్నాయో చూసి వచ్చి ఒకరికొకరు చెప్పుకోవడమే వాళ్ళ పని. కడుపు నిండే పని కాదు. అయినా వాళ్ళకి అదంటే పిచ్చి.

సంఘానికి పెద్ద ఉడుము. కట్టుబాటు ఒకటే. ఎవరైనా "నేను చూశాను" అని ఒక సంగతి చెబితే, ఇంకొకరు వెళ్ళి కళ్ళారా చూసి రావాలి. వాళ్ళు కూడా "నేను చూశాను" అంటేనే గోరింక ఆ సంగతిని కంఠతా పడుతుంది. సభ మొదలైనప్పుడల్లా అన్నీ గడగడా అప్పజెబుతుంది. విన్నాను, అనుకున్నాను, మా తాత చెప్పాడు అంటే కుదరదు.

ఆ ఏడు గబ్బిలం ఒక సంగతి చెప్పింది. తాము ఇప్పపండ్లు నోట కరుచుకుని దూరంగా తీసుకెళ్ళి తింటామనీ, గింజలు అక్కడే పడేస్తామనీ, వాటి నుంచి కొత్త మొక్కలు లేస్తాయనీ. ముళ్ళపంది వెళ్ళి చూసి వచ్చింది. నిజమే. గోరింక దాన్ని కంఠతా పట్టింది.

అంతా బాగానే ఉంది కానీ వానాకాలం వచ్చింది. బండ మీద కూర్చుంటే తడిసి ముద్దవాల్సిందే. సభ్యులు ఒక్కొక్కరే రావడం మానేశారు. దుప్పికి జలుబట, కోతికి పనులట. సంఘం చచ్చిపోతుందేమోనని ఉడుముకి బెంగ పట్టుకుంది.

అప్పుడు ఎలుగుబంటి వచ్చింది. తన గుహ పెద్దదనీ, పొడిగా ఉంటుందనీ, సభలు అక్కడ పెట్టుకోమనీ అంది. గుహలోకి మారగానే జనం విరగబడి వచ్చారు. ఏనాడూ చీమ వంక కూడా చూడని నక్క సైతం వచ్చి ముందు కూర్చుంది. సంఘం పెరిగిందని ఉడుము మురిసిపోయింది, పాపం. పెరిగింది గుహలో తొక్కిడి.

కొన్నాళ్ళకి ఎలుగుబంటి, సభని తన పేరుతో మొదలుపెట్టమంది. పోనీలే, చోటు ఇచ్చింది కదా అనుకున్నారు. ఆ తర్వాత, తన మాటకి రెండో సాక్షి ఎందుకంది. అది ఉడుముకి మింగుడుపడలేదు. అయినా తల ఊపింది. అదే అది చేసిన తప్పు.

మూడోసారి ఎలుగుబంటి సభ మధ్యలో నిలబడి, కొండ మీది ఇప్పచెట్లన్నీ తాను నాటినవేనంది. గబ్బిలాలు ఉత్త దొంగలనీ, వాటి సంగతి గోరింక ఇక చెప్పకూడదనీ, వాటిని సంఘంలోంచి తీసేయాలనీ అంది.

ఉడుముకి అప్పుడు అర్థమైంది. చెట్లు ఎలుగుబంటివని సంఘమే చెబితే, ఎండాకాలంలో రాలే ఇప్పపువ్వు కూడా ఎలుగుబంటిదే అవుతుంది. మేత దొరకని ఆ రోజుల్లో అడవిలో సగం ప్రాణాలు ఆ పువ్వు తినే బతుకుతాయి.

"మామా, నువ్వు నాటుతుంటే ఎవరు చూశారు?" అని అడిగింది ఉడుము.

"ఎవరో చూడటం ఎందుకు అల్లుడూ? నేను చెబుతున్నానుగా. బయట వాన ఎలా కురుస్తోందో చూశావా?" అంది ఎలుగుబంటి.

"చూశాను. చూసే వెళ్తున్నాను. చూడనిది మా గోరింక చెప్పదు. చూసింది చెప్పడం మానదు," అంది ఉడుము.

అలా అని వానలోకి నడిచింది. గోరింక, ముళ్ళపంది, గబ్బిలం దాని వెంట వెళ్ళాయి. మిగతావాళ్ళా? మిగతావాళ్ళు పొడిగా కూర్చున్నారు. నాకైతే వాళ్ళ మీద ఇప్పటికీ కోపమే.

ఎలుగుబంటి అంతటితో ఊరుకోలేదు. గబ్బిలాలు వేలాడే మద్దిచెట్టు ఎక్కి, కొమ్మలు ఊపి, వాటన్నిటినీ వాగు అవతలి బోడిగుట్టకి తరిమేసింది. అక్కడ ఒక్క జువ్విచెట్టే దిక్కు. గబ్బిలాలు దానికే వేలాడాయి. సంఘం దాని కిందికే చేరింది. వాన దంచుతుంటే గోరింక తడిసిన రెక్కలతో, వణుకుతూనే అన్నీ అప్పజెప్పేది. గబ్బిలాల సంగతి మాత్రం కావాలని గుహకి వినపడేలా గట్టిగా చెప్పేది.

వానలు సగమయ్యేసరికి ఆ జువ్విచెట్టు కింద, గబ్బిలాలు పండ్లు తెచ్చుకు తిని పడేసిన గింజల నుంచి ఇప్పమొలకలు లేచాయి. ఎలుగుబంటి ఏనాడూ కాలు పెట్టని నేల అది. ఆ మాట విని దుప్పి వాగు దాటి వచ్చింది, జలుబుతోనే. మొలకల్ని చూసి "నేను చూశాను" అంది. వెళ్ళి కుందేలుని తెచ్చింది. కుందేలు వెళ్ళి అడవిపందిని తెచ్చింది, మొలకలు తిననని ముందే ఒట్టు వేయించుకుని. అలా వచ్చినవాళ్ళెవరూ మళ్ళీ గుహకి పోలేదు.

ఎండాకాలం వచ్చింది. ఇప్పపువ్వు రాలింది. ఎలుగుబంటి చెట్ల కింద అడ్డంగా కూర్చుని, అవి తన చెట్లనీ, పువ్వు ఎవరూ ముట్టకూడదనీ అంది. ఎదురుగా దుప్పి పిల్ల ఆకలికి నిలబడలేక తూలుతోంది.

ఉడుము ముందుకి వచ్చింది. ఎలుగుబంటి నాటుతుంటే చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పమంది. గుహవాళ్ళంతా నేలచూపులు చూశారు. నక్క అయితే తోక సర్దుకుంటూ కూర్చుంది.

"గబ్బిలాలు వేసిన గింజ మొలవడం నేను చూశాను," అంది దుప్పి. ఎలుగుబంటి ఎదుటే పిల్లని ముందుకి నెట్టి, తనూ తల వంచి పువ్వు తింది. "నేను చూశాను," అని కుందేలు వచ్చింది. "నేను చూశాను," అని అడవిపంది వచ్చింది. ఆ వెనక ఇంకా ఎందరో. అంతమందిని ఒక్క ఎలుగుబంటి ఏం చేస్తుంది? లేచి పక్కకి తప్పుకుంది.

మళ్ళీ వానలు మొదలయ్యాయి. బోడిగుట్ట మీద సభ జరుగుతుంటే ఎలుగుబంటి వచ్చి, ఈసారి షరతులేమీ లేవు, అందరూ గుహకి రండి అని పిలిచింది.

"గుహ నువ్వే ఉంచుకో మామా. నీకు రావాలనుంటే రా, ఏదైనా చూసి వచ్చి చెప్పు. కానీ ఇక్కడ కూర్చోవాలంటే తడవాలి," అంది ఉడుము.

ఎలుగుబంటి వెళ్ళి వెనక వరసలో, బురదలో కూర్చుంది. గోరింక గొంతు సవరించుకుని అప్పజెప్పడం మొదలుపెట్టింది. మొదటి సంగతి గబ్బిలాలదే.

నీతి: చోటు ఇచ్చినవాళ్ళకి దణ్ణం పెట్టండి, కానీ కళ్ళారా చూసిన నిజాన్ని దానికి అద్దెగా ఇవ్వకండి.